అనూరాధపురమున సంఘమిత్ర పున్నమ

మార్గశిర పూర్ణిమనాడు తెల్లవాఱక మునుపే మేము సింహళద్వీపమందలి అనూరాధపురము చేరితిమి. ఈ పున్నమ డిసెంబరు నెలలో వచ్చును. సింహళులు దీనిని ఉందువప్ పోయ యందురు. పోయ యనగా పున్నమనాటి వ్రతదినము. ఆ దేశమున ప్రతి పున్నమయు సెలవుదినమే. వైశాఖపూర్ణిమ బుద్ధుని జనన, జ్ఞానోదయ, నిర్వాణములకును, జ్యేష్ఠపూర్ణిమ అశోకచక్రవర్తి కుమారుడగు మహేంద్రుడు ధర్మమును కొనివచ్చుటకును, ఆషాఢపూర్ణిమ సారనాథమునందలి ప్రథమోపదేశమునకును స్మారకములు. మార్గశిరపూర్ణిమ మాత్రము మహేంద్రుని సోదరి సంఘమిత్ర పేర వెలసినది.

దారి పొడవునను తెల్లచీరలే. మనలో తెల్లచీర వైధవ్యమును తలపించును గదా! అచ్చట భర్తతోను పసిబిడ్డతోను వచ్చిన యువతులు సయితము పండుగనాడు తెల్లబట్టయే కట్టుదురు. అష్టశీలవ్రతము పూనినవారు మధ్యాహ్నము దాటిన పిదప భుజింపరు.

మెట్లెక్కి బోధివృక్షమును దర్శించితిమి. మహావటమువంటి దానిని చూడబోవుచున్నామని తలచితిమి. చూచినది సన్నని కొమ్మల రావిచెట్టు. ముదుసలికి చేతికఱ్ఱవలె దాని కొమ్మలకు బంగరుపూత ఊతకోలలు నిలిపియున్నారు.

ఈ చెట్టు వచ్చిన కథను మహావంశము చెప్పుచున్నది. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున రాజు మరదలగు అనులాదేవి సన్న్యసింప గోరెను. స్త్రీకి దీక్ష యొసగుటకు భిక్షుణి కావలయునని మహేంద్రుడు తన సోదరిని పిలిపించెను. ఆమె గయలోని బోధివృక్షపు దక్షిణశాఖను తీసికొని ఓడపై వచ్చి, అనులకును ఆమె పరివారమునకును దీక్ష యిచ్చెను. స్త్రీ యొకతె కోరినందుననే సంఘమిత్ర యచ్చటికి వచ్చినదన్నమాట!

చెట్టు తనంత తాను బ్రదుకలేదు. తరతరములవారు నీరు పోసి, కంచె కట్టి కాచిరి. భిక్షుణీసంఘమున కట్టి కాపు లేకపోయెను. 11వ శతాబ్దపు చోళయుద్ధముల పిమ్మట నది యంతరించెను. దీక్ష యిచ్చుటకు భిక్షుణులే లేనందున మరల మొలకెత్తలేకపోయెను. 1996లో సారనాథమున కొరియాదేశపు భిక్షుభిక్షుణుల సాహాయ్యమున కొందఱు సింహళవనితలు దీక్ష గైకొనిరి. పెద్దలగు భిక్షువు లనేకులు నేటికిని దాని నంగీకరింపరు.

చెట్టు క్రింద కాషాయాంబరయగు నొక వృద్ధురాలు కన్నులు మూసి కూర్చుండెను. ఆమె దీక్ష ఎవరికి సమ్మతమో, ఎవరికి కాదో మేమడుగలేదు. సోదరీమణులారా! నాడు రాలిన యొక రావియాకు మా భాగవతపు పుటల నడుమ భద్రముగా నున్నది. దానిని చూచినప్పుడెల్ల, నీరు పోయువా రున్నచో ఏ కొమ్మ చిగుర్పదని తోచును.