ముల్లు నిలిచేదాకా

గుంటూరు జిల్లాలో మేం వెళ్లిన ఆ అంగన్‌వాడీలో అది తూకం రోజు. దూలానికి వేలాడే కాటాకి గుడ్డ ఊయల కట్టి, ఖాళీ ఊయలతో ముల్లును సున్నా మీదకు తెచ్చాకే టీచర్ బిడ్డను అందుకున్నారు. చంటిది కాళ్లు ఆడిస్తుంటే ముల్లు ఊగుతూనే ఉంది. అది నిలిచేదాకా ఆమె చూపు తిప్పలేదు.

"ఆరు కిలోల వంద."

ఐదు నెలలు నిండిన పాప. అమ్మమ్మ ముఖం చిన్నబోయింది. "మొదట్లో ఎంత బాగా ఒళ్లు చేసిందో టీచరమ్మా. ఈ నెల నాలుగొందల గ్రాములేనా? దీని తల్లికి పాలు చాలట్లేదేమో, డబ్బాపాలు పట్టిద్దామా?" పక్కనే ఉన్న తల్లి తల వంచుకుంది.

టీచర్ గులాబీ రంగు గ్రాఫ్ తెరిచారు. పుట్టినప్పుడు 2.8 కిలోలు. ఆపైన నెలనెలా 3.6, 4.5, 5.2, 5.7, ఇప్పుడు 6.1. చుక్కలు కలిపితే గీత మొదట నిటారుగా లేచి, మూడో నెల దాటాక వాలుగా సాగింది. గ్రాఫ్‌లో సరైన ఎదుగుదలను చూపే పచ్చ పట్టీ కూడా అక్కడే అలాగే వాలింది. "చూడండి పెద్దమ్మా, దాని దారిన అది చక్కగా పెరుగుతోంది."

తల్లిపాల బిడ్డలు మొదటి రెండు మూడు నెలలు జోరుగా ఎదుగుతారు. తర్వాత డబ్బాపాల పిల్లలకంటే నెమ్మదిగా బరువు పెరుగుతారు. ఎన్నో దేశాలు చాలాకాలం వాడిన 1977 నాటి అమెరికా ఎదుగుదల పట్టికలకు ఆధారం ఒహాయో పసిపిల్లల కొలతలు. వాళ్లలో ఎక్కువమంది డబ్బాపాలు తాగినవాళ్లే. వాటితో పోల్చినప్పుడు నిక్షేపంలాంటి బిడ్డ కూడా వెనకబడినట్టు కనిపించేది, నింద తల్లి మీద పడేది. ఎంత అన్యాయం!

ఆ కొలబద్దను ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చింది. 1997 నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో దాదాపు 8,500 మంది పిల్లల్ని కొలిపించింది. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలున్నారు. తల్లిపాలు తాగే బిడ్డ ఎదుగుదలే ప్రమాణంగా 2006లో కొత్త గ్రాఫ్‌లు వచ్చాయి. టీచర్ చేతిలోది వాటినిబట్టి గీసినదే.

"రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతోంది?"

"ఏడెనిమిది."

"ఇంకేం, పాలు చాలుతున్నట్టే. ఆరు నెలలు నిండాక అన్నప్రాసన చేసి, పప్పన్నం మెత్తగా మెదిపి పెట్టండి. పాలు మాత్రం మాన్పించకండి."

తల్లి అప్పుడు తలెత్తింది.

తర్వాత వచ్చిన తొమ్మిది నెలల బాబు దగ్గర టీచర్ ఆగిపోయారు. రెండు నెలలుగా చుక్కలు ఒకే ఎత్తున ఉన్నాయి. ఏం పెడుతున్నావని అడిగితే, "పల్చగా జావ" అందా తల్లి. టీచర్ పెన్ను పక్కన పెట్టి, చాప మీద ఆమె దగ్గరగా జరిగి కూర్చున్నారు.