మా యింటి గవాచి

గుడిబండె కోటకొండ యెక్కి క్రిందికి చూచినచో ఒక ప్రక్క భైరసాగరము, మఱియొక ప్రక్క ఊరి యిండ్లు కనబడును. నా చిన్నతనమున ఆ యిండ్లలో పెక్కు మట్టిమిద్దెలు. తెల్లవారుజామున ప్రతి మిద్దెనుండియు ఒక సన్నని పొగతీగ లేచుచుండెను. ఆ పొగ వెడలు రంధ్రమునకు మావైపు గవాచి యని పేరు. ఇప్పుడు కొండ యెక్కినవారికి నల్లని నీళ్ళ ట్యాంకులు కనబడునే గాని ఆ పొగతీగలు కనబడవు. పొగ పోయినందుకు నేను విచారింపను. ఆ పొగలో వంట చేసి చేసి మా అవ్వ కండ్లు మసకబారినవి. ఆమె దగ్గు మా వీధి కంతకు తెలిసిన దగ్గు. కాని పొగతోపాటు గవాచియు పోవుటచే మా యింట జరిగినదానిని మన సంఘమువారి యీ సంచికలో చెప్పవలెనని తలచితిని.

మా పాత యిల్లు రాతిగోడల మిద్దె. దూలములు, వానిపై దంతెలు, దంతెలపై కంప, కంపపై మట్టి, ఆపై జానెడు చవుడు. తొలకరికి ముందు మా నాయన ఊరిబయటి చవిటినేలనుండి బండిలో చవుడు తోలించి మిద్దెపై పఱపించుచుండెను. చవుడునకు గల గుణము విచిత్రమైనది. అందలి ఉప్పులవలన దానిలోని సన్నని బంకమట్టి కణములు తొలి చినుకులకే విడివడి, ఉబ్బి, సందులను పూడ్చును. ఆ పిమ్మట నీరు క్రిందికి దిగదు. పంట కక్కఱకు రాని నేల ఇంటికప్పున కక్కఱకు వచ్చినది. కొండపై కోట కట్టిన పాళెగారు బైరేగౌడుని కాలమువారు బండలలో దొనలు చూచి వాననీరు నిలుపుకొనిరి. క్రింద ఇండ్లలోనివారు అదే వాననీటిని లోనికి రానీయక చవుడుతో ఆపిరి. రెండును ఒక్క ఊరి విద్యలే.

వంటయింటి నడుమ, పొయ్యికి కొంచెము ప్రక్కగా, కప్పులో గవాచి యుండెను. పొయ్యి వేడికి గాలి పైకి లేచి గవాచిగుండ పోవును. దాని స్థానమునకు వాకిలి క్రిందినుండి క్రొత్తగాలి వచ్చును. ఆ వేడికి, ఆ పొగకు దంతెలు నల్లబడి, ఎండి, ఇనుమువలె గట్టిపడినవి. అటుకమీది రాగులకు, అనపగింజలకు పురుగు పట్టుట తక్కువ. వాన చినుకు పడగానే అవ్వ "గవాచి మూయండ్రా!" అని కేక వేయును. పిల్లలము మిద్దెమీదికి పరుగెత్తి పలుచని బండ నొకదానిని దానిపై జరుపుచుండెడివారము. ఎంత జరిపినను వ్రేలెడు సందు మిగులును. ఆ సందునుండి నీరు కారినదని తిట్లు తినుట కూడ నాకు జ్ఞాపకము.

మన కన్నడ ఇరుగుపొరుగువారును గవాక్షి యందురు. సంస్కృతమున గవాక్షమనగా ఆవు కన్ను. మా మనుమలు ఇంట తెలుగు మాటలాడి బడిలో కన్నడము చదువుకొందురు. ఈ మాట వారికి రెండింటిలోను తెలియదు. వస్తువు లేని యింట మాట యెట్లు నిలుచును?

2018లో పాత మిద్దె పడగొట్టి సిమెంటు కప్పుతో క్రొత్త యిల్లు కట్టించితిని. వంటయింటికప్పులో చిన్న రంధ్రము విడిచి పైన గూడువలె కట్టుదమా యని నేనే మేస్త్రి నడిగితిని. ఆయన నవ్వి, "కప్పుకు బొక్క పెడితే కారుతుంది సార్, ఎందుకు మీకా కష్టం?" అనెను. నేను సరే యంటిని. గోడలపై వెంటిలేటర్లకు దోమల భయమున అద్దములు బిగించితిమి. కిటికీలు ఒక్కొక్క గదికి ఒక్కటే. పొయ్యి పోయి గ్యాసు వచ్చెను. గోడలు తెల్లగా, ఇల్లు శుభ్రముగా నుండెను. మూడేండ్లు మేము మిక్కిలి సంతోషించితిమి.

2021 నవంబరులో కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాలలో ఎడతెగని వానలు కురిసినవి. చెఱువులు నిండినవని ఊరివారందఱు సంతోషించిరి. మా యింట మాత్రము వెనుకగది గోడకు నల్లని బూజుమచ్చలు పుట్టెను. బట్టలు ఆరవు, లోపలనే తీగ కట్టి ఆరవేసితిమి. పెట్టెలోని పట్టుచీరకు వాసన పట్టెను. తలుపులు ఉబ్బి చట్రములలో పట్టవాయెను. కప్పు కారుచున్నదేమో యని పైకెక్కి చూచితిని. ఒక్క నెఱ్ఱె లేదు. బయటినుండి చుక్క రాకుండ ఇల్లెట్లు తడిసినదో నాకు బోధపడలేదు.

ఆ గదిలో మా అమ్మ పరుండును. అప్పటి కామెకు డెబ్బదెనిమిదేండ్లు. వానలు వెలిసి చలి ముదిరిన యొక రాత్రి ఆమె ఎవరికిని చెప్పక పాత కుంపటి తీసి, బొగ్గులు రాజేసి, మంచము ప్రక్క పెట్టుకొని తలుపు వేసికొనెను. తెల్లవారుజామున నా భార్య లేచి చూచునప్పటికి అమ్మ మంచముక్రింద వాంతి చేసికొని, తల యెత్తలేక, మాట తడబడుచు పడియుండెను. కారులో వేసికొని ఆసుపత్రికి పోతిమి. ఆక్సిజన్ పెట్టిరి. సాయంకాలమునకు తేఱుకొని కాఫీ యడిగెను.

కుంపటిబొగ్గు గాలి చాలనిచోట మండునపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించి అది రక్తమునకు అంటుకొనును. నిద్రలో నున్నవానికి తెలియనే తెలియదు. వైద్యుడు నన్నడిగిన మొదటి ప్రశ్న, తలుపు పూర్తిగా మూసియుండెనా యని. లేదు. చెమ్మకు ఉబ్బిన తలుపు చట్రములో పట్టక వ్రేలెడు సందు విడిచియుండెను. ఆ వారమే వడ్రంగిని పిలిచి దానిని చిత్రిక పట్టించవలెనని నేననుకొనియుంటిని.

ఇంటికి వచ్చిన పిమ్మట అమ్మ నన్ను కోపముతోనే అడిగెను: "పాతింట్లో నలభై ఏండ్లు కుంపటి పెట్టుకొని పడుకున్నా గదప్పా. అప్పుడు కానిది ఇప్పుడెట్లయింది?"

ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకుచుండగా చెమ్మకు కారణమును దొరకెను. రెండింటికి మూల మొక్కటే: మా యింటినుండి గాలి బయటికి పోవు త్రోవ లేదు. మనుష్యుల ఊపిరి, స్నానము, వంట, లోపల ఆరవేసిన బట్టలు, ఇవన్నియు దినదినము లీటర్లకొలది నీటిని గాలిలోనికి పంపును. గ్యాసు విషయమున నేను లెక్క వేసి ఆశ్చర్యపడితిని. ఒక్క 14.2 కిలోల సిలిండరు మండి ముగియునప్పటికి సుమారు 22 లీటర్ల నీరు ఆవిరియై వెలువడును. కట్టెలు మండినను ఆవిరి పుట్టును. కాని నాడది పొగతోపాటు గవాచినుండి పోయెడిది. నేడు గదిలోనే తిరిగి, చల్లని గోడను తాకి, నీరై అంటుకొనును. 25 డిగ్రీల వేడిమిలో ఒక ఘనమీటరు గాలి 23 గ్రాముల ఆవిరిని మోయగలదు. 15 డిగ్రీలకు దిగినచో 13 గ్రాములు మాత్రమే. మిగిలిన భారమును అది గోడపై దింపుకొనును.

ఇక వెచ్చదనము సంగతి. మా అబ్బాయి బెంగుళూరినుండి పెద్ద హీటరు పంపెదననెను. నేను కొంతకాలము ఆగుమంటిని. గాలి కదలని గదిలో హీటరు పెట్టిన గోడ చెమ్మ ఆవిరియై గాలిలో చేరును. హీటరు ఆర్పగానే మరల గోడకే వచ్చును. ముందు త్రోవ, ఆపైన వేడి. వెంటిలేటర్ల అద్దములు తీయించి సన్నని జాలీ వేయించితిని. వంటయింటను, స్నానపుగదిలోను బయటికి గాలి లాగు ఫ్యానులు పెట్టించితిని. వెనుకగదికి కప్పు దగ్గఱ గోడలో రెండు గొట్టములు, వానచినుకు రాకుండ బయటికి వంచి, అమర్పించితిని. ఫ్యాను లాగుటకు లోనికి గాలి రావలెను గనుక తలుపుల క్రింద సందు విడిపించితిని. వానకాలమున గాలి విడిచిన మఱింత తడియగునని మేస్త్రి వాదించెను. ఉక్కపోసిన దినమున ఆయన మాట నిజమే. చలిదినమున కాదు. బయటి చల్లని తడిగాలి లోనికి వచ్చి వెచ్చబడినచో, పై లెక్క ప్రకారమే, దాని మోతశక్తిలో సగమునకు కొంచెము మించి మాత్రమే నిండియుండును. మిగిలినచోటికి అది ఇంటి చెమ్మను పీల్చుకొనును.

హీటరులలో నూనె నింపినదానిని ఎంచుకొంటిని. నెమ్మదిగా వేడెక్కును గాని ఎఱ్ఱని తీగ బయటికి కనబడదు, చప్పుడు లేదు. రెండు వేల వాట్లది గంట నడచిన రెండు యూనిట్లు. నిద్రకు ముందు గంటసేపు పెట్టి ఆర్పుదుము. విద్యుత్తు వేడి గదిలోనికి ఆవిరిని గాని విషవాయువును గాని విడువదు. కుంపటిని అటుక యెక్కించితిమి. గ్యాసు గీజరును మూసిన స్నానపుగదిలో పెట్టి ప్రాణములు పోగొట్టుకొన్నవారి వార్తలు బెంగుళూరు పత్రికలలో ఎన్నియో చూచియున్నాము. అదియు కుంపటి చుట్టమే.

ఇంగ్లండులో నున్న మా మేనకోడలు ఈ కథ విని, అక్కడ చలికి వెఱచి జనులు ప్రతి సందును మూసికొందురని చెప్పెను. రాచ్‌డేల్ పట్టణమున రెండేండ్ల బాలు డొకడు 2020 డిసెంబరులో మరణించెను. అద్దెయింటి బూజును చిరకాలము పీల్చుటయే కారణమని 2022లో విచారణాధికారి తేల్చెను. మరుసటి యేడు ప్రభుత్వగృహముల యజమానులు గడువులోపల బూజు తొలగింపవలెనని చట్టము వచ్చినది. అద్దెకున్న ఆ బిడ్డ తండ్రివలె కాదు నేను. మా యిల్లు నా సొంతము; రంధ్రము వలదన్న మాటకు తల యూపినది నేనే.

వెనుకగది గోడను గీకించి సున్నము వేయించి మూడు వానకాలములు గడచినవి. రెండవ యేట ఒక మూల చిన్న మచ్చ వచ్చినది. అచ్చట బీరువాను గోడకు ఆనించి పెట్టియుంటిమి. జానెడు ముందునకు జరిపిన పిమ్మట రాలేదు. అమ్మకు ఫ్యాను చప్పుడు మొదట గిట్టలేదు. ఇప్పుడామె దానికి కరెంటు గవాచి యని పేరు పెట్టినది. సంగటి కెలుకుటకు పూనుకొన్నపుడెల్ల ముందుగదినుండి కేక వేయును: "గవాచి వేసినారాండ్రా?" పిల్లలు పరుగెత్తి స్విచ్చి నొక్కుదురు.