పుట్టగొడుగుల రాజధానిలో ఒక శనివారం

ఫిలడెల్ఫియా నుంచి నైరుతి వైపు గంట డ్రైవ్ చేస్తే కెన్నెట్ స్క్వేర్ వస్తుంది. లాంగ్‌వుడ్ గార్డెన్స్ చూడ్డానికి వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఈ ఊరి పక్కనుంచే వెళ్ళిపోతుంటారు. అమెరికాలో పండే పుట్టగొడుగుల్లో సగానికి పైగా పెన్సిల్వేనియావే, అందులోనూ ఎక్కువ ఈ చుట్టుపక్కలవే. "ప్రపంచ పుట్టగొడుగుల రాజధాని" అని ఊరివాళ్ళే బిరుదు తగిలించుకున్నారు. ఏటా సెప్టెంబరులో పండుగ కూడా చేస్తారు.

19వ శతాబ్దం చివర్లో విలియం స్వేన్ అనే పూల వ్యాపారి, గ్రీన్‌హౌస్‌లో పూలబల్లల కింద చోటు వృథాగా పోతోందని పుట్టగొడుగులు వేశాడట. ఇప్పుడు చుట్టూ కిటికీలు లేని పొడుగాటి షెడ్లు. గుర్రపుశాలల గడ్డితో చేసే ఎరువు వాసనకి మా పిల్లలు కారులోనే ముక్కులు మూసుకున్నారు. తెల్ల బటన్, గోధుమరంగు క్రెమినీ, పెద్ద పోర్టబెల్లో మూడూ ఒకే జాతి అని తెలిశాక మాత్రం, రంగూ వయసే తేడానా అని మా అమ్మాయి ఆశ్చర్యపోయింది.

పండుగలో నన్ను ఆపినవి మందు సీసాలు. రేషీ, టర్కీ టెయిల్, లయన్స్ మేన్ గుళికలు. అన్నింటి మీదా "రోగనిరోధక శక్తికి" అనే మాట. విజయవాడలో ఉన్న మా అన్నయ్య రేషీ రెండు సీసాలు తెమ్మన్నాడు. అన్నయ్యకు కిడ్నీ మార్పిడి జరిగింది.

సాఫ్ట్‌వేర్ వృత్తి కదా, చిన్న అక్షరాలు చదవడం అలవాటు. ఏ రోగాన్నీ నయం చేయడానికి కాదనీ, ఎఫ్‌డీఏ పరిశీలించలేదనీ అక్కడే రాసుంది. 1994 చట్టం ప్రకారం ఇలాంటివి అమ్మడానికి ముందస్తు ఆమోదం అక్కర్లేదు. కొన్ని సీసాల్లో ఉండేది పుట్టగొడుగు కూడా కాదు, ధాన్యం మీద పెంచిన బూజుపోగులు. వాటితోపాటు ఆ ధాన్యపు పిండీ కలిసిపోతుంది.

అసలు సంగతి వేరే. కొత్త కిడ్నీని శరీరం పరాయిదని తిప్పికొట్టకుండా, రోగనిరోధక శక్తిని అణచిపెట్టే మాత్రలు అన్నయ్య రోజూ వేసుకుంటాడు. సీసా మీద రాసింది నిజమైతే ప్రమాదం, అబద్ధమైతే డబ్బు దండగ.

"అంత దూరం వెళ్ళి రెండు సీసాలు కొనలేకపోయావుట్రా?" అన్నాడు ఫోన్లో.

"లేబుల్ ఫొటో పంపాను అన్నయ్యా. డాక్టరుగారికి చూపించు. సరేనంటే రేపే పంపిస్తా."

డాక్టరుగారు వద్దన్నారు. రెండు రోజులు అలిగాడు.

మీ అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే రేషీ గురించి వాళ్ళ డాక్టర్నీ అడగండి. రక్తస్రావం పెరిగే అవకాశం ఉంది.

మేం మాత్రం మైటాకే ఒక పెట్టె కొని, ఉల్లిపాయ, మిరియాలపొడితో వేపుడు చేసుకున్నాం. పండుగకు పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే స్టేట్ స్ట్రీట్ దరిదాపుల్లో పార్కింగ్ దొరకడం కష్టం.