పోయే పొర కనబడదు

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ గడియార స్తంభం దాటి అలియాబాద్ వైపు వెళ్తుంటే ఇప్పుడు రోడ్డుకు అటూ ఇటూ ముందుభాగం కోసేసిన ఇళ్లు కనిపిస్తాయి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్ల మెట్రో దారికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడాది కూల్చివేతలు మొదలయ్యాయి. పాత సున్నం, ఇటుక పొడి, కొత్త సిమెంటు కలిసిన దుమ్ము లేచి, ఆగివున్న ప్రతి బండి మీదా పడుతోంది. బండి తీసేముందు డ్రైవరు చేసే మొదటి పని, సీటు కింది నుంచి ఓ గుడ్డ లాగి బానెట్ తుడవడం. కారు రంగును కాపాడటమే పనిగా పెట్టుకున్నవాళ్లకు అది చూస్తే ప్రాణం విలవిల్లాడుతుంది.

"సూఖా కపడా నక్కో సార్. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి రుద్దిండ్రంటే వాటర్ పేపర్ పెట్టి గీకినట్టే" అన్నారు, నేను చూడటానికి వెళ్లిన కార్ల షెడ్డు యజమాని. యాభై దాటిన పెయింటర్ ఆయన. చుట్టుపక్కలవాళ్లంతా ఉస్తాద్ అంటారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. షెడ్డు ముందు పాత బోర్డు మీద డెంటింగ్, పెయింటింగ్ అనే అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. దాని కింద డిటెయిలింగ్, సెరామిక్, పీపీఎఫ్ అని కొత్తగా రాయించారు. చిన్నతనంలో లప్పం గీకే కుర్రాడిగా ఈ పనిలోకి వచ్చారట. బంజారాహిల్స్, గచ్చిబౌలిలో అద్దాల గదుల్లో ఏసీ పెట్టి చేసే పనినే ఆయన ఇక్కడ రేకుల కింద, నాలుగు ట్యూబులైట్లతో చేస్తున్నారు.

ఆ రోజు లోపల ఉన్నది నల్ల వెర్నా కారు. ముందురోజు రాత్రి బరాత్‌లో తిరిగిన బండి. బానెట్ మీద పూలదండలు అతికించిన టేపు జిగురు ఎండకు గట్టిపడి అడ్డంగా పట్టీలు కట్టింది. అద్దం కింది సందులో నలిగిన గులాబీ రేకులు, బంతిపూల పసుపు. పెళ్లికొడుకు తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు. "ఉస్తాద్, షోరూం బండి లెక్క మెరవాలె" అని అప్పటికే రెండుసార్లు చెప్పాడు.

ఉస్తాద్ తొందరపడలేదు. ముందు చేతి గుడ్డలన్నీ దూరంగా పెట్టించారు. పైనుంచి కిందికి నీళ్ల ధార కొట్టి, నురుగు చల్లి, అది దానంతటదే జారేదాకా ఆగారు. దుమ్ములో ఎక్కువ భాగం ఎవరి చెయ్యీ తగలకుండానే పోవాలన్నది ఆయన పట్టుదల. తర్వాత రెండు బకెట్లు వచ్చాయి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు, అడుగున జల్లెడలాంటి ప్లాస్టిక్ పళ్లెం. చేతితొడుగు ముంచి ఒక పలక తుడిచిన ప్రతిసారీ ముందు ఉత్త నీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. ఇసుక రేణువు పళ్లెం కిందికి దిగిపోతుంది, మళ్లీ బండి మీదికి రాదు. చక్రాలకు వేరే బ్రష్షు, వేరే బకెట్టు. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి ఈ షెడ్డులోకే రానివ్వరు. అవి జిడ్డుతో పాటు మైనాన్నీ ఊడ్చేస్తాయి.

కడగడమంతా బోరు నీళ్లతో జరిగినా, చివరి ధార మాత్రం డ్రమ్ముల్లో పట్టిపెట్టిన నల్లా నీళ్లది. హైదరాబాద్ బోరు నీటి గట్టితనం మనకు కుక్కర్ అడుగునా, గీజర్ కాయిల్ మీదా తెలిసిందే. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు బొట్టు ఆవిరైన చోట తెల్లటి వలయంగా మిగులుతాయి. ఎండలో కడిగితే ఆ వలయం పెయింటును కరిచి పట్టుకుంటుంది. అందుకే నీడలో కడిగి, ఒక్క బొట్టు కూడా ఆరకముందే మెత్తటి తువ్వాలు పరిచి లాగేశారు.

టేపు జిగురు దగ్గర పెళ్లికొడుకు తమ్ముడు గోరు పెట్టబోతే ఉస్తాద్ చెయ్యి పట్టుకుని ఆపారు. హీట్ గన్‌తో గోరువెచ్చగా కాచి, జిగురు కరిగించే మందు అద్ది, కాసేపాగి తుడిస్తే పట్టీ మెత్తగా ఊడింది. అప్పుడు నా చేతికి ఓ పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, కడిగిన బానెట్ మీద నెమ్మదిగా జరపమన్నారు. కంటికి నిగనిగలాడుతున్న ఆ రేకు కవరు లోంచి గరుకుగా తగిలింది. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి, సిమెంటు తుంపర, తారు పెయింటులో దిగబడిపోయి నీళ్లకు రాకుండా ఉంటాయి. వాటిని తీసేది క్లే. బంకమట్టిలా పిసికే ఒక ముద్ద. జారుడు ద్రవం చల్లి, ఏమాత్రం నొక్కకుండా అటూ ఇటూ జరుపుతారు. కాసేపటికి లేత నీలం ముద్ద బూడిద రంగుకు తిరిగింది. దాన్ని మడిచి, శుభ్రమైన వైపు పైకి తెచ్చి మళ్లీ జరిపారు. ఈసారి కవరు చెయ్యి గాజు మీద జారినట్టు జారింది.

ఇక పాలిష్ మెషీన్ తీస్తారనుకుంటే అరచేతిలో పట్టే మీటరు తీశారు. పెయింటు మందాన్ని మైక్రాన్లలో చెప్పే పరికరం అది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇప్పటి కార్లలో రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. ఫ్యాక్టరీ పెయింటు అంతా కలిపి చాలా కార్లకు వంద, నూటయాభై మైక్రాన్ల మధ్య. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు నలభై, యాభై. తల వెంట్రుక కన్నా పలచనైన ఆ పొర మీదే ఎండ, వాన, రెట్ట అన్నీ పడతాయి. మెరుపు కూడా దానిదే. బానెట్ మీద అంకెలు 108, 112, 105 అని వచ్చాయి. వెనక కుడి డోరు దగ్గర ఒక్కసారిగా 260.

"ఈ డోరు ఒకసారి పెయింట్ అయింది బేటా."

"కొన్నప్పుడు మొత్తం ఒరిజినల్ పెయింట్ అన్నరు ఉస్తాద్" అన్నాడు కుర్రాడు, ముఖం చిన్నబోయి. ఉస్తాద్ ఆ మాట పెంచలేదు. బానెట్ అంచు దగ్గర మీటరు 74 చూపితే, అక్కడంతా టేపు అంటించేశారు. అంచుల్లో పెయింటు మామూలుగానే పలచగా ఉంటుంది, మెషీన్ వేడి అక్కడే ఎక్కువ పడుతుంది. దాన్ని అక్కడ పెట్టనే పెట్టరు.

పాలిష్ అంటే ఏదో పూయడం అనుకుంటాం. నిజానికి అది గీకడం. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను చదును చేస్తేనే గీత మాయమవుతుంది. రబ్బింగ్ కాంపౌండ్‌తో గట్టిగా పట్టిస్తే ఒక్క విడతలోనే కొన్ని మైక్రాన్లు పోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలున్నది ఆ పొరలోనే. అది అరిగిపోతే కొన్నేళ్లకు పైకప్పు మీద, బానెట్ మీద తెల్లగా పొక్కి పొరలు లేస్తాయి. అలాంటి కార్లు నగరంలో ఏ సిగ్నల్ దగ్గరైనా కనిపిస్తాయి. చాలావాటికి ఎండ ఒక్కటే కారణం కాదు, పండుగకోసారి చేయించిన రబ్బింగ్ కూడా ఉంటుంది.

"అంబాసిడర్, పద్మినిలకు పాలిష్ కొడితే గుడ్డకు రంగు అంటుతుండె. తెల్ల బండికి తెల్లగ, నీలం బండికి నీలంగ. ఎంత పోయిందో కండ్లకు కనబడుతుండె. ఇప్పుడు క్లియర్ పోతది, గుడ్డ మీద ఏం కనబడది. పోరగాండ్లకు భయం లేదు." ఉస్తాద్ అన్న ఈ మాటల కోసమే నేను ఆ షెడ్డుకు వెళ్లానని ఇప్పుడనిపిస్తోంది. రంగూ రక్షణా ఒకే పొరలో కలిసివున్న రోజుల్లో పనివాడి చేతిగుడ్డే లెక్క చెప్పేది. ఇప్పుడా లెక్క చెప్పేది మీటరొక్కటే. అది లేకుండా మెషీన్ తిప్పే షాపులే ఎక్కువ.

ఉస్తాద్ మొదట రెండడుగుల చదరంలో, అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్, సన్నటి పాలిష్‌తో మొదలుపెట్టారు. ఎల్ఈడీ లైటు వాల్చి చూస్తే నల్ల రంగులో సాలెగూడులా తిరిగిన గీతల్లో చాలావరకు మాయమయ్యాయి. అది చాలన్నారు. కుడివైపు ఫెండర్ మీద ఆటో హ్యాండిల్ గీసిన పొడవాటి గీత ఒకటి మిగిలింది. దాని మీదుగా గోరు అడ్డంగా లాగి, ఆగిన చోట చూపించారు. గోరు ఆగితే గీత లోతుకు దిగిందని అర్థం. దాన్ని పాలిష్‌తో తీయబోతే చుట్టూ క్లియర్ అంతా పోతుంది. దాన్ని అలాగే ఉంచమన్నారు. అడిగిన డబ్బు ఇస్తానన్నా వద్దనే పనివాణ్ణి చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

మధ్యాహ్నం పని ఆగిన వేళ ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాను. ఉస్తాద్ చెప్పిన సంగతి అక్కడ ఇంకో వైపు నుంచి చూడవచ్చు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది. బాడీ కట్టింది లండన్ బార్కర్ కంపెనీ, వెనక సింహాసనంలా ఎత్తైన సీటు. బండి అందకముందే 1911లో ఆయన కన్నుమూశారు. ఉత్సవాలకు వాడింది ఏడో నిజాం. ఆ కాలంలో కారుకు రంగు వేయడమంటే గుర్రపు బగ్గీకి వేసినట్టే. నూనె రంగు, వార్నిష్ కుంచెతో పొర మీద పొర వేసి, ఒక్కోటీ ఆరేదాకా ఆగి, రాతిపొడితో నునుపు చేసి మళ్లీ వేసేవారు. ఒక బండికి వారాలు పట్టేది. 1920లలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో లాకర్ తెచ్చాకే ఆ వారాలు గంటల్లోకి వచ్చాయి. రంగు, క్లియర్ వేరువేరు పొరలుగా వేయడం మామూలయింది 1980ల తర్వాత. ఆ రోల్స్‌రాయిస్‌కు దక్కినవి నీడ, పైకప్పు, ఎవరూ తాకకుండా కట్టిన అడ్డు. వీధిలో నిలిపే బండికి ఆ మూడూ దొరకవు.

తిరిగొచ్చేసరికి కుర్రాడు సెరామిక్ పూత గురించి అడుగుతున్నాడు. దాని గట్టిదనం చెప్పే 9హెచ్ అంటే వజ్రమంత గట్టిదని ఎక్కడో విన్నాడట. ఆ అంకె పెన్సిల్ గట్టిదనం పరీక్షలోది, వజ్రాలను కొలిచే కొలతతో దానికి సంబంధం లేదు. సిలికా ఆధారంగా తయారయ్యే ఆ పూత మందం ఒకటి, రెండు మైక్రాన్లకు మించదు. నీళ్లు నిలవనివ్వదు, మురికి త్వరగా వదులుతుంది, ఎండకు కొంత అడ్డుపడుతుంది. రాయి తగిలినా, ఆటో రాసుకుపోయినా ఆపలేదు. వాటిని ఆపేది పీపీఎఫ్, పాలీయురెథేన్ ఫిల్మ్. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలను కాపాడేందుకు పుట్టిన ఈ ఫిల్మ్ నూటయాభై, రెండు వందల మైక్రాన్ల మందం ఉంటుంది. బండి మొత్తానికి వేయిస్తే ఖర్చు బాగా ఎక్కువవుతుంది.

"బండి ఏడ పెడ్తరు?" అని అడిగారు ఉస్తాద్.

"మక్కా మసీదు వెనక గల్లీల, రోడ్డు మీదనే."

అంటే పావురాల రెట్ట తప్పదు. రెట్టలోని యూరిక్ ఆమ్లం ఒకవైపు. ఎండకు మెత్తబడిన క్లియర్ కోట్, చల్లబడుతూ ఆ ఎండిన రెట్ట చుట్టూ బిగుసుకుని మచ్చ పడటం ఇంకోవైపు. వేసవిలో ఒక్క మధ్యాహ్నం చాలు. సెరామిక్ ఉన్నా రెట్టను అలాగే వదిలేస్తే మచ్చ తప్పదు.

"అయితే సెరామిక్ పైసలు జేబులనే ఉంచుకో. డోరు అంచులకు, హ్యాండిళ్ల కింద, ముందు బంపరుకు ఫిల్మ్ ఏస్తా. మూడు నెలలకోసారి మైనం పెట్టుకో. డిక్కీల ఒక సీసా నీళ్లు, మెత్త గుడ్డ పెట్టుకో. రెట్ట పడంగనే నీళ్లు పోసి నానబెట్టి ఎత్తెయ్యాలె, రుద్దద్దు."

కుర్రాడు అన్నకు ఫోన్ చేశాడు. కాసేపు బేరమాడి, ఫిల్మ్ పనికి ఆదివారం బండి తెస్తానని అడ్వాన్సు ఇచ్చాడు.