వీథియరుగు

మా తల్లిగారు విశాఖ పాతనగరమందలి పెంకుటింటి యరుగుపై నలుబదియేండ్లు కూర్చుండి వీథివారి కష్టసుఖముల నెఱిఁగినవారు. నాలుగవ యంతస్తునకుఁ జేరిన పిదప మాటాడుటయే మానిరి. వ్యాధి యని వైద్యునకుఁ జూపితిమి. కట్టడము చేసిన పని యని మాకుఁ దోఁపలేదు. 1933లో నౌకాశ్రయము, పిదప ఉక్కు కర్మాగారము వచ్చి జనము పెరిగిన యూరికి మేడలు తప్పవు; వానిని నిందింపము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చెను. దినములతరబడి దీపములు లేవు, లిఫ్టు లేదు. ఎల్లరును మెట్లపైఁ జేరిరి. మా తల్లిగారును వచ్చి కూర్చుండి, ఎదుటింటి కోడలిని పేరడిగిరి! విద్యుత్తు వచ్చెను, తలుపులు మరల మూయఁబడెను.

గాలిని, వెలుతురును గొలిచెడి ఇంజనీరులు నలుగురు కూర్చుండు తావు నేల కొలువరో! మేము మెట్లచెంత, నడకకు అడ్డముగాని మూలను, ఒక బల్ల వేసితిమి. అందము చెడినదని ఎవరో తీయించిరి. మరల వేసితిమి.