చెవులు చెప్పిన పాఠం



బీఈడీ చదివేటప్పుడు మా గది కింద పిండి మర ఉండేది. ఆ మోతలో పాఠాలు వినడానికి ఇయర్‌ఫోన్స్ సౌండ్ పెంచేదాన్ని. ఒకరోజు అవి తీసేశాక కూడా చెవుల్లో గుయ్‌మంటూనే ఉంది. భయమేసింది.

మర్నాడు హార్డ్‌వేర్ షాపులో డ్రిల్లింగ్ పనివాళ్లు పెట్టుకునే ఇయర్‌మఫ్స్ కొన్నాను. పాత హెడ్‌ఫోన్స్ స్పీకర్లు విప్పి వాటి కప్పుల్లో అమర్చాను. వైరు కోసం చేసిన రంధ్రాన్ని గ్లూతో మూసేశాను. సందు ఉంటే మోత లోపలికి వచ్చేస్తుంది మరి! ఆ తర్వాత సగం సౌండ్‌కే పాఠం స్పష్టంగా వినిపించింది.

పిల్లలకు వారానికి 40 గంటలు విన్నా 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మీ అబ్బాయో అమ్మాయో సౌండ్ పెంచితే, కోప్పడే ముందు హాల్లో టీవీ ఎంత మోగుతోందో ఒక్కసారి వినండి. ముందు దాన్ని తగ్గిద్దాం.