ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే

పిల్లలూ! ఆ మధ్య కొలరాడోలో ఉన్న మా మనవడు ఫోనులో ఒక బొమ్మ పంపాడు. వాళ్ళ నాన్న కొత్తగా కొన్న బండిలో ఒక మీట ఉన్నది. దానిమీద చిన్న కారు, దాని వెనక కట్టిన తొట్టి బొమ్మ. "తాతయ్యా, కొండదారిలో ట్రైలరు లాగేటప్పుడు నాన్న ఈ మీట నొక్కుతాడు. నొక్కగానే ఇంజను గోల పెడుతుంది. ఎందుకు?" అని అడిగాడు.

ఆ సంగతి నేను 1976 లోనే, పన్నెండేళ్ళ వయసులో, మోచెయ్యి చీరుకుని మరీ నేర్చుకున్నాను.

మాది గుంటూరు బ్రాడీపేట. మా ఊరు పళ్ళెంలాగా చదునుగా ఉంటుంది. చిన్నప్పుడు మాకు తెలిసిన కొండ ఒక్కటే, శంకర్ విలాస్ దగ్గరి పైవంతెన! మిరప టిక్కీలు వేసుకున్న రిక్షా దాన్ని ఎక్కేటప్పుడు రిక్షావాడు దిగి, వంగి లాగేవాడు. మేము వెనకనుంచి తోసేవాళ్ళం. తమాషా ఏమిటంటే, అవతలివైపు దిగేటప్పుడు కూడా అతను సీటు ఎక్కేవాడు కాదు. హాండిలు పట్టుకుని, వెనక్కి వాలి, మడమలు తన్నిపెట్టి దిగేవాడు. అదేమని అడిగితే, "ఎక్కేటప్పుడు బరువును నేను లాగుతాను బాబూ, దిగేటప్పుడు అది నన్ను తోస్తుంది" అన్నాడు. ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు.

ఆ వేసవి సెలవులకు రైలెక్కి గిద్దలూరు దగ్గర మా మేనమామ ఊరు వెళ్ళాను. మామయ్య ఇల్లు కడుతున్నాడు. ఇంట్లో పరచడానికి బేతంచెర్ల నాపరాళ్ళు కావాలి. బేతంచెర్ల నల్లమల కొండలకు అవతల, నంద్యాల దాటి ఉన్నది. రెండు ట్రాక్టర్లకు రెండు ట్రక్కులు కట్టుకుని బయల్దేరాము. (మా వైపు ట్రాక్టరు వెనక తగిలించే తొట్టినే ట్రక్కు అంటారు.) ఒకటి తోలేది మామయ్య దగ్గర చాలాకాలంగా ఉన్న డ్రైవరు తాత. రెండోది బాడుగ బండి, దాన్ని ఒక పడుచువాడు తోలుతున్నాడు.

రాళ్ళు వేసుకుని తిరిగి వస్తూ, గాజులపల్లె దాటాక, కొండ మొదట్లో తాత బండి ఆపాడు. ట్రాక్టరుకు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి విడివిడిగా బ్రేకు పెడళ్ళుంటాయి. ఆ రెంటినీ కలిపే కొక్కెం సరిగా ఉన్నదో లేదో చూసుకున్నాడు. తర్వాత చిన్న లివరును 'లో'లోకి వేశాడు. ఇక మా నడక చూడాలి! ఇంజను గర్జిస్తున్నది, చక్రాలు చీమల్లా పాకుతున్నాయి. గేర్ల సైకిలు తొక్కేవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. వెనక పెద్ద పళ్ళచక్రం మీద గొలుసు పడితే కాళ్ళు గిరగిర తిరుగుతాయి, సైకిలు మెల్లగా పోతుంది, కాని మిట్ట సులువుగా ఎక్కుతుంది. వేగం ఇచ్చి బలం కొనుక్కోవడం అన్నమాట.

నాకు విసుగు పుట్టింది. "తాతా, ఇది ట్రాక్టరా, ఎద్దుబండా?" అని వేళాకోళం చేసి, కొండ నెత్తిన ఆగినప్పుడు పడుచువాడి బండి ఎక్కి మడ్‌గార్డు మీద కూర్చున్నాను. (మీరు ఎన్నడూ అలా కూర్చోకండి.)

"అబ్బీ, ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాల" అని తాత అతనికి చెప్పాడు. అతను తల ఊపాడు. కాని నేను ఊరుకోలేదు. "అన్నా, తాతకంటే ముందు పోదాం!" అన్నాను. అతను నవ్వి, డీజిలు కలిసివస్తుందని న్యూట్రలు చేసి బండి వదిలాడు.

మొదట బలే మజాగా ఉన్నది. ఇంజను చప్పుడు తగ్గిపోయింది, చెవుల్లో గాలి, వెదురు పొదలు వెనక్కి పరుగెత్తుతున్నాయి. రెండు మలుపులు తిరిగేసరికి మాడు వాసన వచ్చింది. ట్రక్కుకు బ్రేకులు లేవు. మొత్తం బరువును ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. 5 టన్నుల బరువు 100 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. దాన్నంతా బ్రేకులతోనే పట్టి ఉంచితే పుట్టే వేడి ఎంతో తెలుసా? సుమారు 16 లీటర్ల నీళ్ళను మరిగించేటంత! బ్రేకులు అంత కాగితే పట్టు సడలిపోతుంది. అతను కంగారుపడి గేరు వెయ్యబోయాడు. గరగరమని పళ్ళు అరిచాయేగాని గేరు పడలేదు. ఆ ట్రాక్టర్లలో బండి జోరుమీద ఉండగా కింది గేరు పడదు. దాన్ని కొండ నెత్తినే వేసుకోవాలి.

అతను ధైర్యం గలవాడు. లోయవైపు పోనివ్వక బండిని కొండవైపు కాలవలోకి తిప్పాడు. ట్రాక్టరు ఆగింది, ట్రక్కు ఆగలేదు. అది అడ్డం తిరిగి ఒరిగిపోయింది. నాపరాళ్ళు ఫెళఫెళ విరిగాయి. నేను వెళ్ళి ముళ్ళపొదలో పడ్డాను.

చాలాసేపటికి తాత బండి అదే గర్జనతో, అదే చీమ నడకతో వచ్చింది. అతని కాలు బ్రేకు మీద లేదు, యాక్సిలరేటరు మీదా లేదు. అలా వదిలేసినప్పుడు ఇంజను చక్రాలను తిప్పదు, చక్రాలే ఇంజనును తిప్పాలి. లోపల పిస్టన్లు గాలిని నొక్కాలి, రాపిడికి ఓర్చుకోవాలి. లో గేరులో చక్రం ఒక్కసారి తిరిగేలోపల ఇంజను ఎన్నోసార్లు తిరగాలి. ఆ మొరాయింపే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. రిక్షావాడి మడమలు గుర్తున్నాయా? పైగా అప్పుడు ఇంజను డీజిలు దాదాపు తాగదు కూడా! పాపం, మా పడుచువాడు ఆదా చేసిందేమీ లేదు.

తాత ఎవరినీ తిట్టలేదు. ముందు చక్రాల కింద రాళ్ళు పెట్టి, తర్వాత తన తువ్వాలు చింపి నా మోచేతికి కట్టాడు.

మా మనవడి బండిలో గేర్లు వాటంతట అవే మారతాయి. మామూలుగా పెట్రోలు కలిసిరావాలని తొందరగా పై గేరులోకి పోతాయి. ఆ మీట నొక్కితే బండి కింది గేరును గట్టిగా పట్టుకుంటుంది. దిగుడులో బ్రేకు తొక్కితే ఇంకా కింది గేరుకు దిగుతుంది. అందుకే ఆ గోల. మా తాతే ఆ మీటలో కూర్చుని చెబుతున్నట్టున్నది!

ఇవన్నీ మనవడికి రాశాను. ఒక్క ముక్క మాత్రం రాయలేదు. ఆనాడు బాడుగ డబ్బంతా పోగొట్టుకుని, మామయ్య ఎదుట తల వంచుకు నిలబడి కూడా, "పిల్లవాడు తొందరపెట్టాడు" అని ఆ పడుచువాడు అనలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మామయ్య ఆ ముక్కలను ఏరించి వెనక వసారాలో పరిపించాడు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు కూడా చూశాను. ఆ వసారాలో ఒక్క నిండు రాయి లేదు.